వెలుతురు పట్టుకునే మనిషి

పన్నెండేళ్ల పాటు నేను తీసిన పెళ్లి ఫోటోలన్నిటిలోనూ వెలుతురు ఎడమవైపు నుంచే పడుతుంది. అది నా ప్రత్యేకత అని పొజారెవత్స్ పట్నంలో ఒక పెద్దమనిషి మెచ్చుకున్నాడు కూడా. ప్రత్యేకతా లేదు, పాడూ లేదు. మా ఆవిడ ఫ్లోరికాకి ఎడమ చెవి సరిగా వినపడదు. ఫ్లాష్ పట్టుకుని నాకు ఎడమపక్కన నిలబడితే వినపడే చెవి నావైపు ఉంటుంది. అంతకు మించి అందులో రహస్యమేమీ లేదు.

ఆ ఏడు ఆగస్టులో ఆ వెలుతురు అటునుంచి రావడం ఆగిపోయింది. ఆపింది నేనే. ఇంకెవరి మీదికీ నెట్టడానికి వీల్లేదు.

మా మ్లావా లోయలో సగం ఇళ్లకు పదకొండు నెలలు తాళాలే. గేటుకి అటూ ఇటూ సిమెంటు సింహాలు, మూడంతస్తుల మేడలు, లోపలంతా దుమ్ము. మనుషులు మాత్రం వియన్నాలో ఎవరివో ఇళ్లు కడుతుంటారు, ఎవరివో ఇళ్లు తుడుస్తుంటారు. ఆగస్టు వచ్చిందంటే కార్లు బారులు తీరి దిగుతాయి, తాళాలు ఊడతాయి. ఉన్న నాలుగు వారాల్లో పెళ్లిళ్లన్నీ చేసేసుకుని మళ్లీ వెళ్లిపోతారు. నాలాంటి ఫోటోలవాడికి ఏడాది పంట ఆ నాలుగు వారాలే. మిగతా ఏడంతా కొట్లో కూర్చుని పాస్‌పోర్టులకీ, సమాధిరాళ్ల మీదకీ బొమ్మలు తీసుకోవడమే.

మా పద్ధతి ఎలా ఉండేదంటే, పొడుగాటి అల్యూమినియం గొట్టం చివర ఫ్లాషు, దానికో తెల్ల గొడుగు. గొట్టం ఫ్లోరికా చేతిలో, నడుముకి బ్యాటరీల సంచీ. ఎండ ముదిరితే ఒక అడుగు ముందుకి, మబ్బు కమ్మితే ఒక అడుగు వెనక్కి. నేను నోరు తెరవకముందే జరిగిపోయేది. నోరు తెరిచినా నాకు ‘ఇటు చూడండి’, ‘గడ్డం పైకి’ తప్ప మూడో మాట రాదు. మాటలన్నీ ఆవిడవే.

“ఏమ్మా, చెప్పులు కరుస్తున్నాయా? తీసి అవతల పారెయ్. గౌను కింద ఎవడు చూడొచ్చాడు?” అనేది పెళ్లికూతురితో. పెళ్లికొడుకు బిగుసుకుపోయి నిలబడితే, “అప్పుడే అంత భయమా నాయనా? మీ అత్తగారింకా నోరు తెరవలేదుగా!” అనేది. వాళ్లు పకపకా నవ్వేవాళ్లు, నేను నొక్కేవాణ్ణి. ఫోటో బాగొస్తే అది నా చేతి చలవే అనుకునేవాణ్ణి.

ఆ ఆగస్టు మొదటి శనివారం రాదుల్ కొడుకు పెళ్లి. రాదుల్‌కి వియన్నాలో ప్లాస్టరింగ్ పని, ఇక్కడ ఊళ్లోకెల్లా ఎత్తైన మేడ. వీడియో తియ్యడానికి పొజారెవత్స్ నుంచి నెమాన్యా అనేవాణ్ణి పిలిపించాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, వచ్చీ రాగానే డ్రోన్ ఎగరేశాడు. నేనూ ఫ్లోరికా రేగు తోటలో జంటని నిలబెట్టి ఫోటోలు తీస్తుంటే పక్కింటి స్తమేనా అవ్వ కంచె పట్టుకుని చూస్తూ నిలబడింది. ఫ్లాష్ పడ్డప్పుడల్లా నల్ల తలగుడ్డ కింద ఆ ముడతల మొహం ఒక్క క్షణం తెల్లబడేది.

పని అయ్యాక ఆవిడ ఫ్లోరికా చెయ్యి పట్టుకుంది. “ఎంత వెలుతురే అమ్మాయ్ అది! కొవ్వొత్తులు వంద పెట్టినా రాదు. మా పెత్రుకి అందుతుందంటావా?”

పెత్రు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. ఎనిమిదేళ్ల క్రితం వియన్నాలో పరంజీ మీంచి పడి పోయాడు. మావాళ్లలో ప్రాణం పోయే మనిషి చేతిలో కొవ్వొత్తి వెలగాలి. వెలగకపోతే అవతల వాడికంతా చీకటే. తర్వాత ఏది పంపాలన్నా, నీళ్లయినా రొట్టెయినా వెలుతురయినా, బతికున్నవాళ్లు చేత్తో పట్టుకుని, ఫలానావాడికి చేరాలి అని పేరు పెట్టి చెప్పి ఇవ్వాలి. రోడ్డు పక్క ఇనుప గొట్టాల మధ్య పడి పోయినవాడి చేతిలో కొవ్వొత్తి ఎవరు పెడతారు? స్తమేనా అవ్వ ఎనిమిదేళ్లుగా కొవ్వొత్తులు వెలిగిస్తూనే ఉంది, చాలడం లేదని ఏడుస్తూనే ఉంది.

“ఎందుకందదవ్వా,” అంది ఫ్లోరికా. “ఈ నెలాఖరున మీ మనవరాలు డెనీసా పెళ్లి కదా. తండ్రి లేని పిల్ల. ఆ రోజు మొదటి వెలుతురు పెత్రుదే. నేను పట్టుకుంటా, నువ్వు పేరు చెప్పు.”

ముసలామె ఫ్లోరికా చేతిని రెండు కళ్లకీ అద్దుకుంది. నేను పక్కనే నిలబడి లెన్సు తుడుచుకుంటున్నాను. ఆడవాళ్ల మాటలు అనుకున్నాను.

సాయంత్రం భోజనాల దగ్గర రాదుల్ రకియా సారా సీసా పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు. అప్పటికే డ్రోన్ తీసిన వీడియో చూసినట్టున్నాడు.

“ఏం బావా, ఆకాశంలోంచి చూస్తే మా ఊళ్లో ఒక్కటే కనపడుతోంది. మీ ఆవిడ గొడుగు! పెళ్లి మావాడిదా, మీ ఆవిడదా?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఫ్లోరికానే. “నాదే అనుకో అన్నా. అయితే మొదటి కోలో డాన్సు నాతోటే ఆడమను మీవాణ్ణి!” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చివరికి పెళ్లికొడుకు నిజంగానే వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని వలయంలోకి లాక్కెళ్లాడు. భుజానికి పిన్నుతో గుచ్చిన పెళ్లివారి తువ్వాలు ఊగుతుంటే బ్యాటరీల సంచీ విప్పకుండానే ఆడింది.

నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఎందుకంత అయిందో ఇప్పటికీ తిన్నగా చెప్పలేను. నెమాన్యా నా పక్కన కూర్చుని మాంసం నములుతూ, “ఇంకా మనిషి చేత మోయిస్తున్నావా అన్నా? రెండు స్టాండ్లు, ఒక పెద్ద ఫ్లాషు, రేడియో ట్రిగ్గరు పెట్టుకో. స్టాండుకి అలుపుండదు, ఆకలుండదు. పెళ్లికొడుకుతో డాన్సులూ ఆడదు,” అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు ఎందుకు నవ్వానా అని ఎన్నోసార్లు అనుకున్నాను.

మర్నాడు కాదు, ఆ మర్నాడు పొజారెవత్స్ వెళ్లి కొనుక్కొచ్చాను. ఎండని కూడా ఓడించే పెద్ద ఫ్లాషు, లోపల వెండిరంగు గుడ్డ ఉన్న నలుచదరపు తెల్ల పెట్టె, మూడు కాళ్ల ఇనుప స్టాండు, దూరం నుంచి నొక్కి వెలిగించే ట్రిగ్గరు. పెరట్లో అన్నీ బిగించి నిలబెట్టాను. ఫ్లోరికా శనివారం వచ్చిన తువ్వాలు ఉతుకుతోంది. పెళ్లివారు మర్యాదగా భుజానికి గుచ్చేవి, ప్రతి పెళ్లికీ ఒకటి, పన్నెండేళ్ల తువ్వాళ్లు ఒక బీరువా నిండా ఉన్నాయి మాకు.

చేతులు తుడుచుకుంటూ వచ్చి స్టాండు చుట్టూ ఒకసారి తిరిగింది. తడి తువ్వాలు తెచ్చి దానిమీద ఆరేసింది.

“బావుందయ్యా. దండెం తెగిపోయిందని చెబుతూనే ఉన్నా ఎన్నాళ్లనుంచో.”

“ఫ్లోరికా, ఈ శనివారం నుంచి నువ్వు రానక్కర్లేదు.”

ఆవిడ వినపడనట్టు చూసింది. నేను ఆవిడ ఎడమవైపున్నాను. కుడివైపుకొచ్చి మళ్లీ చెప్పాను. “ఎండలో పొద్దస్తమానం నిలబడి నడుం పడిపోతోంది కదా. హాయిగా ఇంట్లో ఉండు.”

“నడుం నొప్పని నేనెప్పుడన్నాను?”

“అనలేదనుకో. అయినా ఇప్పుడందరూ ఇట్లాగే చేస్తున్నారు.”

“అందరూ అంటే?”

నేను స్టాండు మర బిగించడం మొదలుపెట్టాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. రాదుల్ కొడుకు పెళ్లి పందిట్లో నా మొహం ఎలా ఉందో ఆవిడ చూడలేదనే అనుకున్నానప్పటిదాకా. చూసిందని అప్పుడు అర్థమయింది. తువ్వాలు తీసి భుజాన వేసుకుంది.

“కాళ్లకి ఇసకసంచీ కట్టు. కొండగాలికి పడిపోతుంది,” అని లోపలికి వెళ్లింది.

నేను ఆవిడ సుఖం కోరే ఆ మాటన్నానని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటూనే ఇసకసంచీ కట్టాను.

రెండో శనివారం నేనొక్కణ్ణే వెళ్లాను. లైటు సంగతి చెప్పాలంటే అద్భుతం. నడి ఎండలో కూడా ఆకాశం ముదురు నీలంగా నిలిచిపోయింది, పెళ్లికూతురి మేలిముసుగులో దారం దారం కనపడింది. చిన్నపిల్లాడిలా పొంగిపోయాను. కాకపోతే ఎవరి దగ్గరికి వెళ్లినా ఒకటే ప్రశ్న. ఫ్లోరికా ఏది? మీ ఆవిడ రాలేదేం? ఒంట్లో బాగా లేదా? తీసుకురాలేదని చెప్పడానికి నోరు రాలేదు. “కాలు బెణికింది,” అన్నాను ఒకరితో. ఆ తర్వాత అందరితోనూ అదే అనాల్సొచ్చింది.

సోమవారం పొద్దున్నే ముగ్గురు ఆడవాళ్లు మా గుమ్మంలో దిగారు. ఒకావిడ చేతిలో జున్ను రొట్టె, ఒకావిడ చేతిలో రేగుపళ్ల జాము సీసా, మూడో ఆవిడ పందికొవ్వులో ఏవో ఆకులు నూరి చేసిన పట్టు. ఫ్లోరికా నిచ్చెనెక్కి దండెం కడుతోంది. నేను గది కిటికీలోంచి చూసి నాలుక కరుచుకున్నాను.

“కాలు బెణికిందన్నాడే మీ ఆయన!”

నిచ్చెన మీద ఫ్లోరికా ఒక్క క్షణం ఆగింది. “ఆ, బెణికింది. పొద్దున్నే కాస్త నెమ్మదించింది,” అని మెల్లగా, ఒక కాలు ఈడుస్తూ దిగింది. వాళ్లు అరుగు మీద కూర్చోబెట్టి మడమకి పట్టు వేసి, గుడ్డ చుట్టి, గంటసేపు కబుర్లు చెప్పి వెళ్లారు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ కుంటుతూనే నడిచింది.

నేను బయటికి వచ్చాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

“జున్ను రొట్టె వేడిగా ఉంది. తిను,” అంది, గుడ్డ విప్పుకుంటూ.

అదే వారం ఆవిడ చెల్లెలు పెర్సా వియన్నా నుంచి వచ్చింది. పెర్సా అక్కడ ఒక ముసలావిడని చూసుకుంటుంది. ఆ వీధిలోనే ఇంకో ముసలావిడకి మనిషి కావాలట. మా వంటింట్లో అక్కాచెల్లెళ్లు మిరపకాయలు ఒలుస్తూ ఆ సంగతి మాట్లాడుకున్నారు. “మాటలు చెప్పేవాళ్లు కావాలటే అక్కా. వంటా తుడుపూ ఎవరైనా చేస్తారు,” అంటోంది పెర్సా. ఫ్లోరికా ఏమందో నాకు వినపడలేదు.

ఇరవై మూడో తేదీ డెనీసా పెళ్లి. సామాను కారులో సర్దుతుంటే ఫ్లోరికా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మంచి బట్టలు కట్టుకుని ఉంది.

“స్తమేనా అవ్వ అడుగుతుంది. నేను రానా?”

ఆ ఒక్క రోజు ‘రా’ అంటే సరిపోయేది. ఆ మాట కోసమే మంచి బట్టలు కట్టుకుందని నాకు తెలుసు. కానీ నెమాన్యా అక్కడ ఉంటాడు. కాలు బెణికిన కథ ఒకటి ఉంది. అన్నిటికంటే, నెల తిరక్కుండా మళ్లీ వెంటబెట్టుకెళ్తే నా మాట నేనే మింగినట్టవుతుంది.

“ఒక్క ఫ్లాషే కదా. నేను కొట్టిస్తాలే,” అన్నాను.

“పేరు పెట్టి చెప్పాలి.”

“చెబుతాలేవే. అంత మాత్రం తెలీదా?”

స్తమేనా అవ్వ ఇంటి వెనక కొండ వాలులో రేగు తోట. పొద్దు కొండ వెనక్కి దిగబోతోంది. ఆ పదిహేను నిమిషాల బంగారు రంగు పోతే మళ్లీ దొరకదు. జంటని నిలబెట్టి, స్టాండు సరిచేసి, పెట్టె వంచి కెమెరా ఎత్తాను. నెమాన్యా డ్రోన్ లేపి, “కానీ అన్నా, కానీ,” అని తొందర పెడుతున్నాడు. అప్పుడు తోటలోంచి ముసలామె వచ్చింది. ఒక చేతిలో రొట్టె, దానిలో గుచ్చి వెలిగించిన కొవ్వొత్తి. గాలికి ఆరిపోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లమెల్లగా నడుస్తోంది.

“ఫ్లోరికా ఏది నాయనా?”

“రాలేదవ్వా. నేనున్నాగా.”

ఆవిడ స్టాండు వైపు చూసింది. దాని మూడు కాళ్లు, ఇసకసంచీ చూసింది. “మరి దీన్ని ఎవరు పట్టుకుంటారు?”

“ఎవరూ పట్టుకోనక్కర్లేదవ్వా. అదే నిలబడుతుంది.”

“చెయ్యి లేకుండా ఇస్తే వాడికి చేరదు నాయనా.”

“అవ్వా, పొద్దు దిగిపోతోంది. ఇదిగో చూడు,” అని చేతిలో ఉన్న ట్రిగ్గరు నొక్కాను. తోటంతా ఒక్కసారి భగ్గుమంది. “అయిపోయింది. వెళ్లిపోయింది మీవాడికి. నేరుగా వియన్నా ఎక్స్‌ప్రెస్సు!”

పెళ్లికొడుకు స్నేహితులెవరో కిసుక్కున నవ్వారు. డెనీసా నవ్వలేదు. పూలగుత్తి వైపు చూస్తూ నిలబడింది.

“ఎవరి పేరు చెప్పావు?” అంది ముసలామె. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

నోరు తెరిచాను. పేరు గుర్తు రాలేదు. ఆ పిల్ల తండ్రి, ఈ ముసలామె కొడుకు, ముందు రెండుసార్లు నా ఎదుటే చెప్పిన పేరు. ఎంత వెతుక్కున్నా రాలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను కెమెరాలోకి చూసి ఏదో మీట సరిచేస్తున్నట్టు నటించాను.

“సరేలే నాయనా. నీ పని నువ్వు చేసుకో,” అని ఆవిడ వెనక్కి తిరిగింది. కొవ్వొత్తి ఇంకా వెలుగుతూనే ఉంది. ఆవిడ అటు వెళ్లాక నూట పది ఫోటోలు తీశాను. ఆ సీజన్ మొత్తంలో అంత మంచి లైటు ఎప్పుడూ పడలేదు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, ఏదో తమాషా సంగతి చెబుతున్నట్టే ఫ్లోరికాకి చెప్పాను. ఎక్స్‌ప్రెస్సు మాట దాకా వచ్చేసరికి ఆవిడ కప్పు కింద పెట్టింది.

“పేరు చెప్పావా?”

నేను పంచదార కలుపుకుంటున్నాను.

“పెత్రు అని చెప్పావా, లేదా?”

“గుర్తు రాలేదే. తొందరలో...”

ఆవిడ లేచి వెళ్లి కొక్కేనికి వేలాడుతున్న పాత ఫ్లాష్ దించింది. బ్యాటరీలు ఒక్కొక్కటే నాలుకతో తాకి చూసి లోపల వేసింది. గొడుగు చంకలో పెట్టుకుంది. కారులో దింపుతానన్నాను. వద్దంది. పది గంటల బస్సులో వెళ్లింది.

మూడింటికి తిరిగొచ్చింది. భుజానికి పెళ్లి తువ్వాలు గుచ్చి ఉంది. ఆ వేసవిలో ఆవిడకి దక్కినవి రెండే, రాదుల్ ఇంటిదొకటి, ఇదొకటి. చెప్పులకి మట్టి, మొహం ఎండకి కమిలిపోయింది.

“ఎక్కడికెళ్లావు?”

“సమాధుల దగ్గరికి. అవ్వా, డెనీసా, నేనూ.” కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకుంది. “వెనకాల బొత్తాం నొక్కి కొట్టాను. బ్యాటరీలు అయిపోయేదాకా కొట్టాను. కొట్టినప్పుడల్లా ముసల్ది ‘పెత్రూ, ఇది నీదిరా, ఇది నీదిరా’ అంటూనే ఉంది. ఆఖర్న డెనీసా పట్టుకుంటానంది. ఇచ్చాను. ఆ పిల్ల మళ్లీ పెళ్లి గౌను కట్టుకుని వచ్చిందయ్యా, అంత ఎండలో.”

పగటి ఎండ, నల్లరాయి, తెల్ల గౌను, గొడుగు. నా కళ్లకి కట్టినట్టు కనపడింది. “ఫోటో ఎవరు తీశారు?” అన్నాను.

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. ఒక కొత్త మనిషిని చూసినట్టు.

“ఫోటో ఎందుకు?”

ఆవిడ లేచింది. లోపలికెళ్లి ముఖం కడుక్కొచ్చి, తువ్వాలు మడత పెడుతూ అంది, “పెర్సాతో వెళ్తున్నాను. ఒక్క చలికాలం. ఆ ముసలావిడకి మనిషి కావాలట.”

ఇదిగో, ఇక్కడ నేను ఒక మాట అనాలి. వెళ్లొద్దు అనాలి. పొరపాటయింది, ఆ ఇనుప స్టాండు నదిలో పడేస్తాను అనాలి. నాకు మాటలు రావని మొదట్లోనే చెప్పాను కదా. కానీ అది సాకే. ఆ రోజు మాటలు రాక కాదు, మొహం చెల్లక.

“బస్సెప్పుడు?” అన్నాను.

ఆ తర్వాత పది రోజులూ ఆల్బమ్‌ల పనిలో తలదూర్చాను. కంప్యూటర్ ముందు కూర్చుని మొహాల మీద మచ్చలు తీసెయ్యడం, కళ్లలో ఎరుపు తగ్గించడం నా పని. ఒక సాయంత్రం రాదుల్ కోడలి కన్ను పెద్దది చేసి చూస్తున్నాను. నల్లగుడ్డులో తెల్లటి చుక్క, అది ఎప్పుడూ ఉండేదే, ఫ్లాష్ ప్రతిబింబం. ఇంకా పెద్దది చేశాను. చుక్క గొడుగయింది. గొడుగు కింద నల్లగా, గోరంత మనిషి. ఒక చెయ్యి పైకెత్తి గొట్టం పట్టుకుని, ఒక పక్కకి కాస్త ఒరిగి నిలబడి ఉంది.

కిందటేడాది ఫోటోలు తెరిచాను. ఉంది. అంతకు ముందు ఏడాదివి తెరిచాను. ఉంది. పన్నెండేళ్ల పెళ్లికూతుళ్ల కళ్లన్నిటిలోనూ ఉంది. ఒకచోట వంగి ఉంది, ఎవరి గౌనో సర్దబోతున్నట్టు. ఒకచోట నోరు తెరిచి ఉందేమో కూడా, ఏదో చెబుతూ. డెనీసా కన్ను పెద్దది చేశాను. నలుచదరపు తెల్ల పెట్టె, దాని కింద గీత గీసినట్టు ఒక కర్ర. నిటారుగా, స్థిరంగా, ఖాళీగా.

“ఫ్లోరికా! ఇటు రా ఒకసారి,” అని పిలిచాను.

పిండి చేతులతో వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగింది. ఆవిడ వచ్చేలోపల నేను ఆ కన్ను చిన్నది చేసేశాను. ఎందుకు చేశానో దేవుడికే తెలియాలి. తెరమీద డెనీసా, పెళ్లికొడుకు, నీలం ఆకాశం.

“ఈ రంగు బావుందా?” అన్నాను.

“బావుంది,” అంది, తెరని సరిగా చూడకుండానే. చేతులకి పిండి ఎండిపోతోందని వెళ్లిపోయింది.

సెప్టెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం వియన్నా బస్సు. బస్టాండు నిండా వెళ్లిపోయేవాళ్లే. అట్టపెట్టెల్లో జాము సీసాలు, రకియా, ఎండు మిరపకాయల దండలు. పెర్సా నన్ను చూడగానే, “బావా, కెమెరా తెచ్చావా? మమ్మల్నందర్నీ ఒకటి తియ్యి. మళ్లీ ఏడాది దాకా కనపడం,” అంది. తెచ్చాను. ఎందుకో స్టాండు కూడా తెచ్చాను. బస్సు పక్కన అయిదుగురు ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. చివర్లో ఫ్లోరికా, కొత్త కోటు వేసుకుని, చేతిసంచీ రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని. మా పన్నెండేళ్లలో ఆవిడని ఎప్పుడూ కెమెరాలోంచి చూడలేదని నాకు ఆ నిమిషంలో తట్టింది. ఎంత అందంగా ఉందో! మొహం ఎంత అలసిపోయి ఉందో!

“నవ్వండి,” అన్నాను.

నలుగురు నవ్వారు. ఫ్లోరికా నవ్వలేదు. మొండికేసి కాదు, ఎలా నవ్వాలో తెలియనట్టు నిలబడింది. పెదాలు కదిపింది, అది నవ్వు కాలేదు. నేను ఒకడుగు ముందుకి వేశాను. ఏదో ఒకటి చెప్పాలి. ఇలాంటప్పుడు ఒక చిన్న మాట చాలు. చెప్పుల గురించో, అత్తగారి గురించో, ఏదో ఒక వెర్రి మాట. పన్నెండేళ్లు ఆ మాటలన్నీ నా పక్కనే నిలబడి విన్నాను. ఒక్కటీ నా నోటికి రాలేదు.

“ఇంకాస్త...” అన్నాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. మిగిలిన నలుగురూ నవ్వు నిలబెట్టుకోలేక తంటాలు పడుతున్నారు. ఫ్లోరికా నన్నే చూస్తోంది. ఆవిడ కళ్లలో కోపం లేదు. ఏం చెప్పబోతున్నానా అని ఆశగానే చూసింది. ఆ చూపు నేను జన్మలో మరిచిపోలేను. నాకు చేతకాదని అర్థమయ్యాక, నన్ను ఆ ఇబ్బందిలోంచి బయట పడెయ్యడానికే అన్నట్టు మెల్లగా అంది, “నొక్కెయ్యవయ్యా. చాల్లే, ఇట్లాగే బావుంటుంది.”

నొక్కాను.